సగం సూది

ఆ ఇంట్లో సూది అంటే అత్తగారిదే. పాత బిస్కెట్ల డబ్బాలో నల్లదారం ఉండ ఒకటి, దానికి గుచ్చిన నాలుగైదు పొట్టి సూదులు, దుప్పట్లు కుట్టే దబ్బనం, ఒకదానితో ఒకటి కలవని గుండీలు గుప్పెడు. అదంతా ఆవిడ ఆస్తి. ఇవి కాక ఇంకో సూది ఉందని, అది కోడలి దగ్గరుందని కోడలికి తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

కోడలి చేతులు చూసినవాళ్లకు ఆ అనుమానం రాదు కూడా. ఆమెది కీళ్ల జబ్బు. ఇవాళ వచ్చి రేపు పోయేది కాదు, ఇల్లరికం వచ్చిన అల్లుడిలా తిష్ఠ వేసుకుని కూర్చునే రకం. పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. పంపు తిప్పాలంటే మోచెయ్యి, తలుపు తొయ్యాలంటే భుజం. టూత్‌బ్రష్షు కాడకి గుడ్డ చుట్టి లావు చేసిపెట్టాడు మొగుడు. అతను లిఫ్టు మెకానిక్కు. ఊళ్లో ఎక్కడ ఏ లిఫ్టు ఇరుక్కున్నా కదిలించి వస్తాడు గానీ, పెళ్లాం వేళ్లకు సరిపడే స్పానరు అతనికింకా దొరకలేదు. మందులు వేసుకుంటే మొహం ఉబ్బుతుంది, మానేస్తే వేళ్లు ఉబ్బుతాయి. ఏదో ఒకటి ఉబ్బక తప్పదు కనుక ఆమె మొహాన్నే ఉబ్బనిచ్చింది.

దాంతో ఇంటిపనంతా అత్తగారి మీద పడింది. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు హాస్టల్లో వంట చేసేది. ఇద్దరు పట్టే గుండిగల్ని ఒక్కతే దించేది. "ముగ్గురి గిన్నెలు నాకో లెక్కా" అని చీపురు, తడిగుడ్డ, గరిటె అన్నీ తనే పుచ్చుకుంది. అత్తలేని కోడలు ఉత్తమురాలు అంటారు. అత్త ఉండి, ఆ అత్త పల్లెత్తు మాట అనకుండా అంట్లు తోముతుంటే కోడలు ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. పైగా మెట్ల మీద కనపడ్డ ప్రతివాళ్లూ "మీ అత్తగారు దేవతమ్మా" అనేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా కోడలు తలూపి, చేతులు దుప్పటి కిందకి దాచుకునేది. నొప్పికి కాదు, సిగ్గుకి.

ఆ సిగ్గుకి అసలు కారణం వేరే ఉంది.

ఆ సంవత్సరం చలి తగ్గుతుండగా డాక్టరు మందు మార్చాడు. మార్చిన కొన్నాళ్లకు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె వేళ్లు వాటంతటవే తెరుచుకోవడం మొదలుపెట్టాయి. ఎక్కువసేపు కాదు, కాసేపు. నీడ కిటికీ చువ్వల నుంచి మంచం కోడు దాకా పాకేంత సేపు. ఆ కాసేపూ ఆమె చేతులు ఆమెవే. మొదటిసారి అలా అయిన రోజు సంబరంగా లేచి, ఆ సంగతి చెబుదామని వంటింటి గుమ్మం దాకా వెళ్లింది. అప్పటికే అత్తగారు సింకు ముందు నిలబడి చేతులకు సబ్బు పట్టించుకుని ఉంది. అలికిడి విని వెనక్కి తిరక్కుండానే, "మళ్లీ లేచావా? పో, పోయి నడుం వాల్చు" అంది.

కోడలు వెళ్లి నడుం వాల్చింది. ఆ రోజు నిజంగానే వాల్చింది. మర్నాడు మాత్రం మంచం మీద కూర్చుని సూది పట్టుకుంది.

సూది ఎలా వచ్చిందంటే, అంతకుముందే, ఆసుపత్రిలో. అక్కడ వరస ఎప్పుడూ మెట్ల దాకా ఉంటుంది. ఆమె పక్కన పోస్టాఫీసులో చేసి రిటైరైన ఒకావిడ, గుండ్రటి చెక్క రింగులో గుడ్డ బిగించుకుని పువ్వులు కుడుతూ కూర్చుంది. ఆవిడ వేళ్లు కూడా వంకర్లే. లోపలికి పిలుపు రాగానే, "ఇది కాస్త పట్టుకోమ్మా" అని రింగు ఈమె ఒళ్లో పెట్టి వెళ్లింది. పట్టుకోమంటే పట్టుకుని ఊరుకోవాలి కదా. ఈమె రెండు కుట్లు వేసింది, ఊరికే, వేళ్లు వంగుతాయో లేదో చూద్దామని. ఆవిడ తిరిగొచ్చి గుడ్డ చూసి, "ఈ రెండూ నావి కావే" అని నవ్వి, వాటిని ఊడదీయకుండా అలాగే ఉంచింది. వెళ్లేటప్పుడు సంచిలోంచి ఇంకో రింగు, గుడ్డ, నాలుగు దారాలు, ఒక పొడుగు సూది తీసి చేతిలో పెట్టింది. బెజ్జం దగ్గర బంగారు పూత ఉన్న సూది.

ఇక్కడ కోడలి పాత ఉద్యోగం గురించి చెప్పాలి. జబ్బు రాకముందు ఆమె రెడీమేడ్ బట్టల కంపెనీలో చెకింగులో పనిచేసేది. మిషన్ల మీంచి వచ్చిన చొక్కాని బల్ల మీద పరిచి, ఎక్కడ కుట్టు తప్పిందో అక్కడ ఎర్ర బాణం గుర్తున్న స్టిక్కరు అంటించి వెనక్కి పంపడం పని. మిషన్ల దగ్గర పిల్లలు ఆమెకు బాణం అని పేరు పెట్టారు. "అదిగో బాణం వస్తోంది" అంటే లైనంతా నడుం నిటారు చేసి కూర్చునేది. ఇన్నేళ్లూ ఇతరుల కుట్లలో తప్పులు పట్టిందే తప్ప తను ఒక్క కుట్టు వేసింది లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ మరి.

ఇప్పుడు కుడితే తెలిసింది. కాడకుట్టు వెయ్యబోతే వంకరపోతుంది, గొలుసుకుట్టు వేస్తే గొలుసు తెగుతుంది. అయినా ఊడదీసేది కాదు. బాణం అంటించేవాళ్లు ఎవరూ లేరు. కిటికీ అవతల ఎదురింటి బాల్కనీలో దండెం ఉంది. దాని మీద ఆ రోజు ఏం ఆరేస్తే దాని బొమ్మ గుడ్డ మీద కుట్టేది. బొటనవేలంత చొక్కాలు, గోరంత మేజోళ్లు, వరసగా రెండు తువ్వాళ్లు. సూది గుడ్డలోకి దిగి పైకి వస్తున్నంతసేపూ ఒంట్లో నొప్పి ఉన్నా అది పక్కగదిలో ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. రోజు మొత్తంలో తను జబ్బుమనిషి కానిది ఆ కాసేపే.

ఆ కాసేపూ వంటింట్లోంచి గిన్నెల చప్పుడు వినపడుతూనే ఉండేది.

అదీ సిగ్గు. సూది పట్టుకోగలిగిన చెయ్యి గిన్నె పట్టుకోలేదా అని ఎవరైనా అడిగితే ఏం చెబుతుంది? సూది తేలిక, గిన్నె బరువు అనా? చల్లనీళ్లలో కాసేపు చేతులు పెడితే తర్వాత రెండు రోజులు చెంచా కూడా పట్టుకోలేననా? అది నిజమే. కానీ వినేవాళ్లకు ఆడలేక మద్దెల ఓడన్నట్టే ఉంటుంది. ఆమెకే ఒక్కోసారి అలా ఉండేది. పొద్దున్నే అత్తగారు సూది, దారం పట్టుకుని కొడుకు వెంట పడి, "ఒరే, వెళ్లే ముందు కాస్త దారం ఎక్కించి పో, నా కళ్లకు బెజ్జం ఆనడం లేదు" అని అడిగేది. కోడలు మంచం మీద నుంచి ఆ మాట వినేది. మధ్యాహ్నమైతే నేను ఎక్కిస్తాను అత్తయ్యా అనే మాట నాలిక చివరి దాకా వచ్చేది. మింగేసేది.

కుట్టుసామానంతా వేడినీళ్ల బ్యాగుకు తొడిగే గుడ్డ సంచిలో దాచేది. అది జబ్బుమనిషి వస్తువు. ఇంకెవరూ ముట్టుకోరు.

ఒకరోజు మధ్యాహ్నం గిన్నెల చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. పంపులో నీళ్లు ఆగిపోయాయి. అత్తగారి చెప్పులు టపటపమంటూ ఇటే వస్తున్నాయి. కోడలు దారం పుటుక్కున తెంపి, రింగూ గుడ్డా సంచిలోకి కుక్కి, అది నడుం కింద పెట్టుకుని కళ్లు మూసుకుంది. అత్తగారు వచ్చి, కిటికీ వెలుగుకోసం మంచం అంచున కూర్చుని, కొడుకు పొద్దున దారం ఎక్కించి వెళ్లిన సూదితో తన గౌనుకి గుండీ కుట్టుకుంది. కుడుతూ కుడుతూ వేలికి గుచ్చుకున్నప్పుడల్లా మెల్లగా తనని తనే తిట్టుకుంది. పక్కనే కోడలు నిద్రపోతున్నదానిలా ఊపిరి తీస్తూ పడుకుంది.

ఆవిడ వెళ్లాక సంచి తీసి చూస్తే సూది లేదు.

కంపెనీలో సూది విరిగితే లైను ఆగిపోతుంది. ముక్కలన్నీ ఏరి, అట్టముక్క మీద పక్కపక్కన పెట్టి, మొన నుంచి బెజ్జం దాకా సూది పూర్తయిందని చూపిస్తేనే కొత్త సూది ఇస్తారు. ముక్క దొరక్కపోతే ఆ కట్టలో బట్టలన్నీ పక్కన పెట్టేయాల్సిందే. ఒకసారి ఒక మిషన్ పిల్ల ఏడుస్తూ, "కిందే ఎక్కడో పడి ఉంటుందక్కా, వదిలెయ్యి" అంది. ఈమె వదల్లేదు. "ఎక్కడో అనే చోటు ఉండదమ్మా. కింద దొరక్కపోతే బట్టలో ఉన్నట్టే" అని లైనంతా ఆపేసి, అందరి ముందూ ఆ పిల్ల చేత నేలంతా వెతికించింది.

అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం మంచం మీద నుంచి నాలుగు వైపులా కళ్లతో వెతికింది. దుప్పటి దులిపింది. వంగి మంచం కింద చూద్దామంటే అత్తగారు పక్కగదిలోనే ఉంది, ఏం వెతుకుతున్నావంటే ఏం చెప్పాలి? రేపు చూద్దాంలే, ఇక్కడే ఎక్కడో ఉంటుంది అనుకుంది. కంచే చేను మేసిందంటే ఇదే.

మర్నాడు పొద్దున వేళ్లు బిగుసుకుని ఆమె ఇంకా మంచం దిగలేదు. అత్తగారు చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, తడిగుడ్డ పట్టుకుని గది తుడవడానికి వచ్చింది. కిటికీ దగ్గర తుడిచి వెనక్కి అడుగు వేసింది. "అబ్బా" అని కూలబడింది.

మడమలో సూది. ఆవిడ కాలు ఒళ్లోకి లాక్కుని, రెండు వేళ్లతో పట్టి పీకేసింది. వచ్చిన ముక్కను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది.

"నాదే. పొట్టి సూది. నిన్న గుండీ కుడుతూ జారవిడిచినట్టున్నాను. కళ్లున్నాయా నాకు, కాయలున్నాయా?"

ఆ వేళ్ల మధ్య కోడలికి కనపడింది. బెజ్జం దగ్గర బంగారు రంగు. అది పొట్టి సూది కాదు. పొడుగు సూదిలో సగం. మొన లేదు.

కళ్లు ఆననివాళ్లకు సగం సూదీ, పొట్టి సూదీ ఒకటే. చూడగలిగింది ఆ గదిలో కోడలొక్కతే. ఏళ్ల తరబడి అదే పని చేసిన మనిషి. అత్తయ్యా, మొన లేదు, అది కాల్లోనే ఉండిపోయింది అని ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ మాట వెనకాలే ఇంకో మాట వస్తుంది. అది నా సూది అనే మాట. దొంగకు తేలు కుట్టినట్టు నోరు పెగల్లేదు. అత్తగారు ఆ ముక్కను చెత్తబుట్టలో పడేసి, మడమ మీద చల్లనీళ్లు పోసుకుని, మిగతా గది తుడిచి వెళ్లింది.

కాసేపటికి కుంటుకుంటూ మళ్లీ వచ్చింది. చేతిలో బిస్కెట్ల డబ్బా.

"ఇది నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యి. నాకిక సూది వద్దు. గుండీలు ఊడితే ఊడనీ, పిన్నీసు పెట్టుకుంటాను."

"ఎందుకత్తయ్యా అలా అంటారు" అంది కోడలు.

"ఎందుకేంటి? నా కాలు కాబట్టి సరిపోయింది. నీ కాల్లో దిగి ఉంటే? అసలే ఒళ్లు బాగాలేని పిల్లవి. జబ్బుమనిషి పడుకునే గదిలో సూది పారేసుకున్నానంటే నాకు సిగ్గుగా ఉందే."

సిగ్గు అనే మాట ఆవిడ నోట్లోంచి వచ్చేసరికి కోడలు తల దించుకుంది. తను పడాల్సిన సిగ్గు తీసుకెళ్లి అత్తగారు పడుతోంది, అంట్లలాగే.

ఆ మధ్యాహ్నం వేళ్లు తెరుచుకోగానే కోడలు కుట్టలేదు. ఫ్రిజ్ తలుపుకి అంటించిన అయస్కాంతం బొమ్మ ఊడదీసి తెచ్చి, గది నేలంతా రాసింది. మోకాళ్ల మీద కూర్చోవడం ఆమెకు ప్రాణం మీదకి వచ్చే పని. అయినా మంచం కింద, బీరువా కింద, గుమ్మం పలకల సందుల్లో అన్నిచోట్లా రాసింది. మొన విరిగి కిందే పడి ఉండొచ్చు కదా అని తనకు తనే నచ్చజెప్పుకుంటూ రాసింది. అయస్కాంతానికి ఒక పిన్నీసు, మొగుడి స్క్రూ ఒకటి అంటుకున్నాయి. మొన దొరకలేదు. కింద దొరక్కపోతే ఎక్కడున్నట్టో ఆమెకు తెలుసు. ఒకప్పుడు లైనంతా వినేలా తనే చెప్పింది.

తెలిసీ ఆ రోజు చెప్పలేదు. మర్నాడూ చెప్పలేదు. ఇది రాయడానికే మొహం చెల్లడం లేదు, ఇక ఆమె ఎలా మోసిందో. సాయంత్రం కొడుకు వచ్చి, "కాలేంటమ్మా అలా వేస్తున్నావు" అంటే, "నా గుడ్డితనానికి గుర్తులే" అని ఆవిడ నవ్వేసింది. "సూది సంగతి తేలాలంటే మీ ఆవిణ్ని పిలవాలి. బాణం అంటించేది" అంది. అతనూ నవ్వాడు. గుమ్మడికాయల దొంగ అనకముందే కోడలు భుజాలు తడుముకుంది. ఆమె ఎప్పుడూ తినే రెండు ముద్దలూ ఆ పూట దిగలేదు. నొప్పి ఎక్కువైందనుకుని అత్తగారు పాలు వేడి చేసి తెచ్చింది. కుంటుకుంటూ తెచ్చింది.

మూడోనాడు మధ్యాహ్నం గిన్నెల చప్పుడులో తేడా వినపడింది. కాసేపు చప్పుడు, కాసేపు ఆగడం. కోడలు లేచి వెళ్లి గుమ్మంలో నిలబడింది. అత్తగారు కుడికాలు వెనక్కి మడిచి, మోకాలు స్టూలు మీద ఆనించి, ఒంటికాలి మీద అంట్లు తోముతోంది. మడమ ఎర్రగా వాచి నిగనిగలాడుతోంది.

కోడలు వెనక్కి వెళ్లింది. వేడినీళ్ల బ్యాగు సంచిలోంచి రింగు తీసుకుని మళ్లీ వచ్చింది.

"అత్తయ్యా."

"లేచావేం? దాహమా?"

"ఆ సూది మీది కాదు. నాది. మీ కాల్లోంచి వచ్చింది సగమే. మొన లోపలే ఉంది."

అత్తగారు పంపు కట్టేసింది. తిరిగి చూసింది. ఆవిడ ముందు చూసింది మొహం వంక కాదు, రింగు వంక. రింగు పట్టుకున్న వేళ్ల వంక.

"నీకు సూదెందుకు?"

కోడలు గుడ్డ ముందుకి చాచింది. ఆవిడ అది తీసుకోలేదు. సబ్బు చేతులు గౌనుకి తుడుచుకుని, కోడలి చెయ్యి పట్టుకుని, ఒక్కో వేలూ వంచి చూసింది, కూరగాయల దగ్గర బెండకాయ విరిచి చూసినట్టు.

"వంగుతున్నాయే."

"మధ్యాహ్నం కాసేపు వంగుతాయి."

"ఎప్పట్నుంచి?"

"చలి తగ్గినప్పట్నుంచి."

"అంటే నేనిక్కడ తోముతుంటే నువ్వక్కడ కుడుతున్నావు."

"అవునత్తయ్యా."

"సూది నీదని ఆ రోజే తెలుసా?"

"చూడగానే తెలిసింది."

ఆవిడ కోడలి చెయ్యి వదిలేసింది. తిట్టి ఉంటే బావుండేది. హాస్టల్లో కుర్రాళ్లని హడలెత్తించిన నోరు ఆవిడది, ఒక్కసారి ఆ నోరు విప్పి ఉంటే కోడలు సగం తేలికపడేది. ఆవిడ విప్పలేదు. సింకులో మిగిలిన రెండు గిన్నెలు చూసి, వాటిని అలాగే వదిలేసి, "చెప్పులియ్యి. ఆసుపత్రికి పోదాం" అంది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే మడమలో తెల్లటి గీత ఒకటి కనపడింది. మత్తుసూది వేసి, కోసి, మొన బయటికి తీశారు. ఇంకా ఆలస్యమైతే చీము ఎముక దాకా పోయేదని డాక్టరు కోప్పడ్డాడు. "ఇన్నాళ్లు ఎందుకూరుకున్నారు? ఇంట్లో ఎవరూ చూడలేదా?" అని అడిగాడు. కోడలు నోరు తెరిచింది. అంతకంటే ముందే అత్తగారు, "నా కళ్లు ఆనవు బాబూ. నాదే పొరపాటు" అంది. వెనకేసుకొచ్చిందో, పరాయిదాన్ని చేసిందో కోడలికి అర్థం కాలేదు.

మొగుడికి మాత్రం కోడలే చెప్పింది. ఆ సాయంత్రం, మొదటి నుంచి చివరి దాకా, తల ఎత్తకుండా. అతను కాసేపు కట్టు కట్టిన తల్లి కాలు చూశాడు, కాసేపు పెళ్లాం చేతులు చూశాడు. ఏ లిఫ్టులో ఎవరు ఇరుక్కున్నారో తెలియని వాడిలా నిలబడి, చివరికి వెళ్లి సింకులో గిన్నెలు కడిగాడు.

అత్తగారు కాలు కింద పెట్టకూడదన్నారు. మర్నాడు మధ్యాహ్నం వేళ్లు తెరుచుకోగానే కోడలు సింకు దగ్గరికి వెళ్లింది. అప్పు తీర్చుకున్నట్టు తోమింది. అత్తగారు వంటింటి గుమ్మం పక్క కుర్చీలో, కాలు స్టూలు మీద పెట్టుకుని చూస్తూ కూర్చుంది. వద్దనలేదు. మూడు కంచాలు, రెండు గిన్నెలు అయ్యాయి. మూడో గిన్నె దగ్గర వేళ్లు మూసుకోవడం మొదలైంది. గ్లాసు ఒకటి జారి సింకులో పడి పగిలింది. కోడలు గాజుముక్కలన్నీ ఏరి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి, గ్లాసు పూర్తయిందో లేదో చూసుకుంది. అత్తగారు అదీ చూసింది.

మర్నాడు కోడలు చెంచా పట్టుకోలేకపోయింది. ఆ మర్నాడూ అంతే. అన్నం మొగుడు కలిపి పెట్టి వెళ్తే, నోటికి అందించింది అత్తగారే. కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని, కట్టు కట్టిన కాలు ఎడంగా చాపుకుని. కోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ముద్ద మింగాలో, ఏడవాలో తెలియక రెండూ చేసింది.

"మూడు కంచాలకు రెండు రోజులా?" అంది అత్తగారు.

కోడలు తలూపింది.

"సూదికి?"

"సూదికి అంత ఉండదు."

"మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా."

"చెబితే నమ్మరేమో అనుకున్నాను."

అత్తగారు ఇంకో ముద్ద అందించింది. "నమ్మేదాన్ని కాదేమో" అంది. "అది నిజమే. నీ చేతులతో నువ్వు గిన్నెలు తోముతుంటే నా కళ్లతో నేను చూశాను కాబట్టి నమ్ముతున్నాను. కానీ సూది కాల్లో ఉందని తెలిసీ ఊరుకున్నావు చూడు, అది మాత్రం నాకింకా మింగుడు పడలేదు. పడినప్పుడు చెబుతాను."

క్షమించానని ఆవిడ అనలేదు. కోడలు అడగలేదు కూడా. అడిగే మొహం ఉండాలి కదా.

ఆ తర్వాత వేళ్లు మళ్లీ తెరుచుకున్న రోజు, అత్తగారు గోడ పట్టుకుని కుంటుతూ ఆమె గదిలోకి వచ్చి, "ఆ గుడ్డ ఏదీ?" అంది. కోడలు రింగు ఇచ్చింది. ఆవిడ దాన్ని ముక్కుకి ఆనేంత దగ్గర పెట్టుకుంది. అప్పటికీ కనపడక వేలితో తడిమింది. ఒక్కో చొక్కా మీదా వేలు ఆగింది.

"ఈ చొక్కాకి ఒక చెయ్యి పొడుగైంది."

"అవునత్తయ్యా."

"ఈ మేజోడుకి జత లేదు."

"ఎదురింటి వాళ్లు ఒకటే ఆరేశారు."

"ఇవన్నీ ఎదురింటివేనా?" ఆవిడ వేలు గుడ్డ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇంకోసారి వెళ్లింది. "మనింటి బట్టలు ఒక్కటీ లేవే?"

కోడలు కిటికీ వంక చూసింది. ఇంటి దండెం ఇటువైపు లేదు. వంటింటి వెనక బాల్కనీలో ఉంది. జబ్బు చేసినప్పట్నుంచి ఆమె అటు వెళ్లలేదు, వెళ్లే పనే లేకపోయింది. ఎదురింటివాళ్ల తువ్వాలు ఏ రోజు ఏ రంగుదో చెప్పగలదు. తన మీద కప్పుకున్న దుప్పటి ఎవరు ఉతికారో, ఎక్కడ ఆరేశారో, ఎలా మడత పడి మంచం మీదకి వచ్చిందో ఒక్కనాడూ కన్నెత్తి చూడలేదు. సూది సంగతి చెప్పినప్పుడు కూడా ఆమెకు ఇంత సిగ్గు వెయ్యలేదు. చెవులు వేడెక్కాయి.

"అటువైపుది నాకు కనపడదత్తయ్యా" అంది. ఆ మాట తన చెవికే బాగాలేదు.

"అయితే కనపడే చోట కూర్చో. దాచుకుని కుట్టేది ఉంటే ఈ ఇంట్లో కుట్టకు. నా కళ్ల ముందు కూర్చుని కుట్టు."

వంటింట్లో, వెనక బాల్కనీ తలుపు దగ్గర కోడలికి కుర్చీ పడింది. బీరువాలోంచి బిస్కెట్ల డబ్బా బయటికి వచ్చి అత్తగారి ఒళ్లోకి చేరింది. ఆవిడ డబ్బా తడిమి, ఒక సూది తీసి ఇచ్చింది. ఆవిడ కాలు నేల మీద ఆనడం మొదలయ్యాక సాయంత్రం గిన్నెలు కొడుకు కడిగేవాడు, మధ్యాహ్నంవి ఆవిడే స్టూలు మీద కూర్చుని తోముకునేది. కోడలు ఆవిడ వీపు వంక చూస్తూ, గిన్నెల చప్పుడు పక్కనే వింటూ కుట్టాలి. మొదటి రోజు కాసేపటిదాకా సూది కదల్లేదు. తలుపు చాటున దొంగచాటుగా దొరికిన సుఖం ఇక్కడ, ఇంత వెలుగులో, ఎక్కడా లేదు.

"సూది ఆగిందేం?" అంది అత్తగారు, వెనక్కి తిరక్కుండా.

"ఏమీ లేదత్తయ్యా."

"నాకు వినపడుతుందిలే. దారం లాగితే చప్పుడొస్తుంది. కుట్టు."

బాల్కనీలో దండెం మీద మొగుడి పనిబట్టలు, కోడలి దుప్పటి, అత్తగారి గౌను ఆరుతున్నాయి. గౌను పైగుండీ దగ్గర పిన్నీసు ఎండకి మెరుస్తోంది. చివర్న, రెండు క్లిప్పుల మధ్య, ఉతికి ఆరేసిన కట్టుగుడ్డ వేలాడుతోంది. కోడలు చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత తెల్లదారం ఎక్కించి, ముందు దాన్నే కుట్టింది. కట్టుగుడ్డ కుట్టడం సులువేమీ కాదు, తెల్లగుడ్డ మీద తెల్లదారం. కాడకుట్టు వంకరపోయింది. ఇన్నాళ్లూ ఊడదీయని మనిషి ఆ రోజు ఊడదీసి మళ్లీ కుట్టింది.

వేళ్లు మూసుకోబోతుంటే దారం తెంపి లేచింది. అత్తగారు చేతులు తుడుచుకుని, అడక్కుండానే అరచెయ్యి చాచింది. కోడలు సూది అందులో పెట్టింది.

ఆవిడ డబ్బా మూత తియ్యలేదు. సూదిని రెండు వేళ్లతో పట్టుకుని, బెజ్జం నుంచి చివరి దాకా మెల్లగా తడుముకుంటూ వెళ్లి, బొటనవేలు మొన మీద ఆపింది. ఎర్రగా చిన్న చుక్క వచ్చేదాకా నొక్కి చూసుకుంది.

"ఉంది" అంది, డబ్బాలో పెడుతూ.